‘చివరిసారి బాగున్నది ఎప్పుడు?’ – స్ట్రోక్ మీద మీ ఉత్తరాలు

పోయిన సంచికలో స్ట్రోక్ గురించి ఏం అడగాలనుకుంటే అది రాయమన్నాం. కట్టలు కట్టలుగా వచ్చాయి. నేను న్యూరాలజిస్టునే అయినా మనిషిని చూడకుండా మందు చీటీ రాయను, ఎవరి మందూ మానమని ఇక్కడ చెప్పను. పరిశోధనల్లో ఏం తేలింది, అది మీ ఇంటి మనిషికి ఎంతవరకు వర్తిస్తుంది, ఇంతవరకే నా పని. అందులో రెండోది ఎప్పుడూ కష్టమే. పరిశోధన వందల మంది గురించి చెప్తుంది, ఉత్తరం ఒక్కరి గురించి అడుగుతుంది.

“మా నాన్నగారికి 63 ఏళ్లు. పొద్దున లేచేసరికి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. అరగంటలో ఆసుపత్రిలో ఉన్నాం. అక్కడి డాక్టరు ఒకటే ప్రశ్న పదే పదే అడిగారు: చివరిసారి బాగున్నది ఎప్పుడు చూశారు? రాత్రి పదింటికి పడుకున్నారని చెప్తే, టైము దాటిపోయింది, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వలేమన్నారు. మేము చూసిన అరగంటకే వెళ్లాం కదా! ఈ నాలుగున్నర గంటల లెక్క ఎవరు పెట్టారు? ఒక్క నిమిషం దాటితే మందు పనిచేయదా?”

అమ్మా, మీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ ప్రశ్న పదే పదే అడిగిన డాక్టరు చేయాల్సిన పనే చేశారు.

రక్తనాళంలో గడ్డ అడ్డుపడగానే మెదడులో ఆ భాగమంతా ఒకేసారి చచ్చిపోదు. మధ్యలో కొంత త్వరగా పోతుంది. దాని చుట్టూ ఉన్న భాగం పని మానేసినా, పక్క నాళాల నుంచి అందే కాస్త రక్తంతో కొంతసేపు బతికే ఉంటుంది. మనం కాపాడగలిగేది ఆ చుట్టుపక్కల భాగాన్నే. పెద్ద నాళం మూసుకున్న స్ట్రోక్‌లో నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు లెక్క కట్టారు. ఇది సగటు మాత్రమే. పక్క నాళాలు బాగున్నవారికి నెమ్మదిగా, లేనివారికి చాలా వేగంగా పోతాయి.

గడ్డ కరిగించే మందు నిజంగా పనిచేస్తుందని మొదట గట్టిగా చూపించింది 1995 డిసెంబరులో వచ్చిన అమెరికన్ పరిశోధన. 624 మందిని తీసుకుని, ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్త ఇంజెక్షన్ అన్నది చీటీ తీసినట్టు తేల్చారు. అందరికీ మూడు గంటల లోపే ఇచ్చారు. మూడు నెలల తర్వాత చూస్తే మందు పడినవారు బాగా కోలుకున్నారు. కానీ అదే పరిశోధనలో, మెదడులో రక్తస్రావమై పరిస్థితి విషమించినవారు మందు జట్టులో 6.4 శాతం, రెండో జట్టులో 0.6 శాతం. ఈ అంకెల వల్లే మాకు ఈ మందంటే గౌరవమూ భయమూ రెండూ ఉన్నాయి. 2008లో యూరప్ పరిశోధన ఒకటి ఆ గడువును నాలుగున్నర గంటలకు పొడిగించింది.

మీ ‘ఒక్క నిమిషం’ ప్రశ్నకు జవాబు 2014లో వచ్చింది. తొమ్మిది పరిశోధనల్లోని 6,756 మంది వివరాలు ఒకచోట చేర్చి చూశారు. మూడు గంటల లోపు మందు ఇచ్చిన ప్రతి వంద మందిలో దాదాపు 33 మంది చెప్పుకోదగ్గ లోపం లేకుండా బయటపడ్డారు. ఇవ్వనివారిలో 23 మంది. మూడు నుంచి నాలుగున్నర గంటల మధ్య ఈ అంకెలు 35, 30. అది దాటాక 33, 31. అంటే నాలుగున్నర దగ్గర మందు ఉన్నట్టుండి ఆగిపోదు. లాభం తరుగుతూ తరుగుతూ వస్తుంది, రక్తస్రావం ముప్పు మాత్రం తగ్గదు. రెండూ ఎక్కడ సరిపోతాయో అక్కడ గీత గీశారు.

నాన్నగారికి పదీ పదికి వచ్చిందా, తెల్లవారుజామున ఐదున్నరకు వచ్చిందా? ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు చివరిసారి బాగున్న సమయం నుంచే లెక్కించాలి. ఇలా నిద్రలో వచ్చేవి తక్కువేమీ కాదు, దాదాపు ప్రతి ఐదింటిలో ఒకటి. వీళ్ల కోసమే 2018లో వేకప్ అనే పరిశోధన వచ్చింది. ఎంఆర్ఐలో ఒక రకం చిత్రంలో స్ట్రోక్ మచ్చ నిమిషాల్లోనే కనిపిస్తుంది, ఇంకో రకంలో కొన్ని గంటలు పడుతుంది. మొదటిదానిలో కనిపించి రెండోదానిలో కనిపించకపోతే, వచ్చి ఎక్కువసేపు కాలేదని అర్థం. అలాంటివారిని ఎంచి మందు ఇస్తే 53 శాతం మంది బాగా కోలుకున్నారు, ఇవ్వనివారిలో 42 శాతం.

ఇంకో దారి, తొడ దగ్గర నాళంలోంచి సన్నటి గొట్టం పంపి గడ్డను బయటికి లాగేయడం. పెద్ద నాళం మూసుకున్నప్పుడే ఇది పనికొస్తుంది. 2015లో వరసగా ఐదు పరిశోధనలు దీన్ని నిరూపించాయి. 2018లో వచ్చిన డాన్ పరిశోధన, స్కాన్‌లో కాపాడగలిగే భాగం మిగిలి ఉన్నవారికి 6 నుంచి 24 గంటల మధ్య కూడా చేసి చూసింది. తమ పనులు తాము చేసుకోగలిగిన స్థితికి వచ్చినవారు 49 శాతం, చేయనివారిలో 13 శాతం. స్ట్రోక్ వైద్యంలో ఇంత తేడా నేనెప్పుడూ చూడలేదు.

ఈ రెండు దారుల్లో ఏదైనా నాన్నగారికి కుదిరేదా అన్నది ఇక్కడ కూర్చుని చెప్పలేను. స్కాన్ రిపోర్టులు తీసుకుని ఇలా అడగండి: రక్తనాళాల స్కాన్ తీశారా? పెద్ద నాళం మూసుకుందా? ఎంఆర్ఐ అప్పుడే తీశారా, మర్నాడు తీశారా? ఇవి అడిగే హక్కు మీకుంది.

“వయసు 54, ఉపాధ్యాయుణ్ని. రెండు వారాల కిందట పాఠం చెప్తుంటే మాట తడబడింది, చేతిలో సుద్దముక్క జారిపోయింది. పది నిమిషాల్లో అంతా మామూలే. నీరసం అనుకున్నాను. మళ్లీ రాలేదు. చూపించుకోవాలా?”

ఈ ఉత్తరం చేరిన రోజే సంపాదకులు ఆయనకు ఫోన్ చేసి డాక్టరు దగ్గరికి పంపించారు. ఇలాంటివి దయచేసి పత్రికకు రాయకండి, ఆసుపత్రికి వెళ్లండి. అదీ రెండు వారాల తర్వాత కాదు, ఆ రోజే.

గడ్డ వచ్చి, దానంతటదే కరిగి వెళ్లిపోయిందన్నమాట. దాన్ని మినీ స్ట్రోక్ అంటున్నారు. 2000లో అమెరికాలో ఇలా వచ్చి తగ్గిపోయిన 1,707 మందిని గమనించారు. మూడు నెలల్లో 180 మందికి అసలు స్ట్రోక్ వచ్చింది. అందులో సగం మందికి మొదటి రెండు రోజుల్లోనే. మాస్టారి విషయంలో ఆ ప్రమాదపు రోజులు గడిచిపోయాయి, అదృష్టం. 2007లో ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ రోత్‌వెల్ బృందం చూసింది ఇంకా ముఖ్యం. వాళ్లు కొత్త మందేదీ కనిపెట్టలేదు. ఉన్న మందులనే, వారాల తరబడి ఆగకుండా, వచ్చిన రోజే మొదలుపెట్టారు. మూడు నెలల్లో మళ్లీ స్ట్రోక్ వచ్చినవారు 10.3 శాతం నుంచి 2.1 శాతానికి పడిపోయారు.

ఇందులోనే ఇంకో మాట. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి మొదటి మూడు వారాలు ఇస్తే ఆస్పిరిన్ ఒక్కటే ఇచ్చినదానికన్నా మేలని 2013లో చైనాలో 5,170 మందితో చేసిన పరిశోధన తేల్చింది. రెండూ ఎక్కువ కాలం వాడిన ఇంకో పరిశోధనలో పెద్ద రక్తస్రావాలు పెరిగాయి. ‘రెండు మాత్రల్లో ఒకటి ఆపేశారు, ఎందుకో’ అని నాకు చాలామంది రాస్తుంటారు. సాధారణంగా కారణం ఇదే.

“చేతివేళ్ల చివర్లు సూదితో గుచ్చి రక్తం కారిస్తే స్ట్రోక్ ఆగుతుందని ఫోన్లో మెసేజ్ వచ్చింది. ఆస్పిరిన్ నమిలించమని ఇంకొకరు. ఏది చెయ్యాలి?”

రెండూ వద్దు. సూది వల్ల పోయేది సమయమే. ఆస్పిరిన్ సంగతి వేరు, అది మంచి మందు. 1997లో వచ్చిన రెండు పెద్ద పరిశోధనలు, కలిపి 40 వేల మంది, మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితే మేలు చేస్తుందని చూపించాయి. కానీ ఆ మేలు వెయ్యి మందికి ఇస్తే దాదాపు తొమ్మిది మందికి. అది స్కాన్ అయ్యాక ఇవ్వొచ్చు, ఆ కాసేపట్లో పోయేదేం లేదు. గడ్డ కట్టిందా, నాళం చిట్లి రక్తం కారిందా అన్నది మనిషిని చూసి నేనూ చెప్పలేను, స్కాన్ చెప్పాలి. కారుతున్నప్పుడు ఆస్పిరిన్ మింగిస్తే ఏమవుతుందో ఊహించండి. పైగా స్ట్రోక్‌లో చాలామందికి మింగుడు పడదు, నోట్లో వేసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మంచినీళ్లు కూడా పట్టొద్దు. చివరిసారి బాగున్న టైము కాగితం మీద రాసుకుని, వాడుతున్న మందుల చీటీ చేత్తో పట్టుకుని బయల్దేరండి.

“నేను డిగ్రీ చదువుతున్నాను. స్ట్రోక్‌లలో 90 శాతం మన అలవాట్ల వల్లేనని చదివాను. మా అమ్మకు 46 ఏళ్లు. బీపీ లేదు, షుగర్ లేదు, రోజూ నడుస్తుంది. అయినా వచ్చింది. ‘ఏదో చేసే ఉంటుంది’ అన్నట్టు చూస్తున్నారు చుట్టాలు. పరిశోధన తప్పా, మా అమ్మ తప్పా?”

రెండూ కాదు. తప్పు ఆ 90ని చదివే తీరులో ఉంది.

ఆ అంకె ఇంటర్‌స్ట్రోక్ అనే పరిశోధనది. 2016 నాటికి 32 దేశాల్లో, స్ట్రోక్ వచ్చిన 13 వేలకు పైగా మందిని, దాదాపు అంతే సంఖ్యలో రానివారితో పోల్చి చూశారు. పది కారణాలు కలిపితే 90.7 శాతం అని తేల్చారు. విడివిడిగా బీపీ 47.9 శాతం, శారీరక శ్రమ లేకపోవడం 35.8, రక్తంలో కొవ్వు 26.8. ఈ మూడూ కూడి చూడమ్మా. అప్పుడే 110 దాటింది, ఇంకా ఏడు కారణాలున్నాయి! ఒకే స్ట్రోక్‌లో రెండు మూడు కారణాల చెయ్యి ఉంటుంది, ప్రతి కారణమూ దాన్ని తన ఖాతాలో వేసుకుంటుంది. కాబట్టి 90 అంటే వంద మందిలో 90 మంది చేజేతులా తెచ్చుకున్నారని కాదు. ఆ కారణాలు సమాజంలో అసలే లేకపోతే ఎంత తగ్గేదో వేసిన అంచనా. బీపీ మాత్రలు అందరికీ అందేలా చూడాలని ప్రభుత్వాలకు చెప్పడానికి అది బాగా పనికొస్తుంది. ఒక మనిషిని నిలబెట్టి నిందించడానికి పనికిరాదు. ఆ పదిలో టెన్షన్ కూడా ఒకటి. స్ట్రోక్ వచ్చాక ‘మీకు టెన్షన్ ఎక్కువగా ఉండేదా’ అని అడిగితే ఎవరైనా ఉండేదనే అంటారు. అందుకే ఇలాంటి పరిశోధనల్లో బీపీ అంకెను నేను నమ్మినంతగా టెన్షన్ అంకెను నమ్మను.

అమ్మ విషయానికొద్దాం. గడ్డ వల్ల వచ్చే స్ట్రోక్‌లలో పావు వంతుకు, పరీక్షలన్నీ చేసినా కారణం దొరకదు. దొరకలేదంటే లేదని కాదు. ఆమె వయసువారిలో నేను ముందు మూడు చోట్ల వెతుకుతాను. ఒకటి, మెడలోని రక్తనాళపు లోపలి పొర చీలడం. మెడ నొప్పి, తలనొప్పి ముందుగా వచ్చాయేమో అడుగు. రెండు, గుండె పై గదుల మధ్య పుట్టుకతో ఉండే చిన్న రంధ్రం. ఇది పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరికి ఉంటుంది, చాలామందికి ఏ హానీ చేయదు. అందుకే కనబడగానే దోషి దొరికిందని సంబరపడకూడదు. అయితే 60 లోపు వారిలో, వేరే కారణం లేనప్పుడు, దాన్ని మూస్తే మళ్లీ వచ్చే స్ట్రోక్‌లు తగ్గుతాయని 2017లో మూడు పరిశోధనలు ఒకేసారి చెప్పాయి.

మూడోది గుండె లయ తప్పడం. లయ తప్పే గుండెలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఉన్నవారికి స్ట్రోక్ ముప్పు ఐదు రెట్లని 1991లోనే అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పరిశోధన చూపించింది. చిక్కేమిటంటే అది వచ్చిపోతూ ఉంటుంది. ఈసీజీ తీసిన ఆ కాసేపూ గుండె బుద్ధిగా కొట్టుకుంటుంది. కారణం దొరకని 441 మందిలో సగం మందికి చర్మం కింద చిన్న యంత్రం పెట్టి ఏడాది గమనిస్తే 12.4 శాతం మందిలో బయటపడింది. మామూలు పరీక్షలతో సరిపెట్టిన మిగతా సగంలో 2 శాతం. అమ్మ వయసులో దొరికే అవకాశం పెద్దవాళ్లకన్నా తక్కువే, కానీ అడగాల్సిన పరీక్ష. దొరికితే మందే మారిపోతుంది. ఆస్పిరిన్ చాలదు, రక్తం గడ్డకట్టకుండా చేసే వేరే రకం మాత్రలు కావాలి.

చుట్టాలకు ఈ పేజీ చూపించు.

“మావారికి స్ట్రోక్ వచ్చి ఎనిమిది నెలలు. కుడిచేతి వేళ్లు సగం విప్పుతారు. మాటలు వెతుక్కుంటారు. ఆరు నెలలు దాటితే ఇంక రాదట, నిజమేనా? మొదటి రోజే లేపి నడిపించి ఉంటే బాగయ్యేదని, ఆసుపత్రివాళ్లు పడుకోబెట్టి పాడుచేశారని మా బావగారు రోజూ అంటున్నారు. డిప్రెషన్ మాత్ర వేస్తే చెయ్యి వస్తుందని ఇంకొకరు చెప్పారు.”

మీ బావగారి మాటతో మొదలుపెడతాను, అది మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నట్టుంది. ఎంత తొందరగా, ఎంత ఎక్కువగా లేపి నడిపిస్తే అంత మంచిదని మా వృత్తిలోనూ గట్టిగా నమ్మినవారున్నారు. వినడానికి బాగుంటుంది. ఐదు దేశాల్లో 2,104 మందితో పరీక్షించి 2015లో ఫలితం చెప్పారు. మొదటి రోజు నుంచే పదే పదే లేపి నడిపించినవారిలో బాగా కోలుకున్నవారు 46 శాతం, మామూలు పద్ధతిలో 50 శాతం. తొందరపడినవారికే తగ్గింది! మామూలు పద్ధతిలోనూ మంచానికి కట్టేయలేదు, చాలామందిని ఒక రోజులోనే లేపారు. తేడా మోతాదులోనే. కాబట్టి మొదటి రోజు నడిపించకపోవడం వల్లే చెయ్యి రాలేదన్న మాట నిలబడదు. ఆయనకది చెప్పండి. నా పేరు చెప్పినా పర్వాలేదు.

ఆరు నెలల మాటలో సగం నిజముంది. ఎక్కువ మెరుగుదల మొదటి మూడు నెలల్లో కనిపిస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదించడం ఆగిపోవడం కాదు. 2006లో, స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందిలో ఒక జట్టుకు బాగున్న చేతికి తొడుగు వేసి, మేలుకున్న సమయమంతా దాదాపుగా బలహీనమైన చేత్తోనే పనులు చేయించారు. రెండు వారాలు, రోజూ గంటల తరబడి సాధన. రెండో జట్టుకన్నా వీళ్ల చెయ్యి బాగా మెరుగైంది, ఏడాది తర్వాతా ఆ తేడా నిలిచింది. ఒక షరతు ఉంది. మణికట్టు, వేళ్లు కొద్దిగానైనా విప్పగలగాలి. మీవారు సగం విప్పుతున్నారంటున్నారు కాబట్టి ఫిజియోథెరపిస్టును తప్పకుండా అడగండి. మీరే ఇంట్లో చెయ్యి కట్టేసి మొదలుపెట్టకండి, తూలి పడితే పట్టుకోవడానికి ఆ చెయ్యే దిక్కు.

మాట గురించి జర్మనీలో 2017లో వచ్చిన పరిశోధన నాకు ఇష్టమైనది. అందులో అందరూ ఆరు నెలలు దాటినవారే. వారానికి కనీసం పది గంటల చొప్పున మూడు వారాలు మాట సాధన చేయించారు. రోజువారీ మాట మెరుగైంది. వారానికి ఒకసారి అరగంట సాధన చేసి, రావడం లేదని వదిలేసేవారు చాలామంది. లోపం మోతాదులో ఉండొచ్చు.

డిప్రెషన్ మాత్ర మీద ఒక చిన్న పరిశోధన మొదట ఆశపెట్టింది. తర్వాత 3,127 మందితో పెద్దది చేస్తే చేతికాళ్ల బలంలో తేడా లేదు, ఎముకలు విరగడం మాత్రం పెరిగింది. చెయ్యి కోసమైతే వద్దు. స్ట్రోక్ తర్వాత మూడింట ఒకరికి నిజంగానే డిప్రెషన్ వస్తుంది. ఆయన ముభావంగా ఉంటే, తిండి నిద్ర తగ్గితే, దానికోసం డాక్టరుకు చూపించండి. అది వేరే సంగతి. మీ నిద్ర గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు.

“స్ట్రోక్‌లు పొద్దునపూటే ఎందుకు వస్తాయి? బీపీ మాత్ర రాత్రికి మార్చుకుంటే మంచిదా?”

పొద్దునపూటే కాదు, పొద్దున ఎక్కువ. 11,816 స్ట్రోక్‌ల సమయాలు చూసిన 1998 నాటి లెక్కలో, ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 మధ్య, రోజంతా సమానంగా పంచితే రావాల్సినదానికన్నా 49 శాతం ఎక్కువ వచ్చాయి. లేచే వేళకు బీపీ పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే గుణమూ పెరుగుతుంది. అందుకే రాత్రి మాత్ర ఆలోచన పుట్టింది. 2022లో 21 వేల మందితో పరీక్షిస్తే పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా తేడా రాలేదు. మర్చిపోకుండా ఉండే వేళకు వేసుకోండి.

“స్ట్రోక్ తర్వాత మెదడు కణాలను కాపాడే మందు ఎలుకల్లో విజయవంతం అని ప్రతి ఏడాదీ వార్త వస్తుంది. ఆ మందులన్నీ ఏమయ్యాయి?”

2006లో ఒకరు కూర్చుని లెక్కపెట్టారు: అప్పటికి పరీక్షించినవి 1,026. మనుషుల దాకా వచ్చినవి 114. ఎలుకల్లో నెగ్గింది మనిషిలో ఎందుకు తేలిపోతుందంటే, ఆ ఎలుకలు వయసులో ఉన్నవి, బీపీ షుగర్ లేనివి. మందు కూడా స్ట్రోక్ తెప్పించిన వెంటనే, కొన్నిసార్లు ముందే ఇస్తారు. మన మనిషికి 70 ఏళ్లు, మూడు జబ్బులు, ఆసుపత్రికి వచ్చేది మూడో గంటలో. పైగా మూసిన నాళం తెరుచుకోకపోతే మందు అక్కడిదాకా చేరేదెలా? ఇప్పుడు గడ్డ లాగేసే పద్ధతి వచ్చింది కాబట్టి పాత మందుల్లో కొన్నింటిని మళ్లీ పరీక్షిస్తున్నారు. నాకు కాస్త ఆశ ఉంది, వార్త చదివి ఫోన్ చేసేంత లేదు.

“మా అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నాడు. ఒక ట్రయల్‌లో చేర్చమని అడిగారు. మనిషి మీద ప్రయోగమా అని వదిన ఏడుస్తోంది. సంతకం పెట్టాలా?”

పెట్టమనీ వద్దనీ నేను చెప్పను. పైన రాసిన అంకెలన్నీ అలా సంతకం పెట్టినవారి వల్లే తెలిశాయి. పెట్టకపోవడమూ తప్పు కాదు, పెట్టనందుకు మామూలు వైద్యం తగ్గించకూడదు. వదినగారిని పక్కన కూర్చోబెట్టుకుని డాక్టరును ఇవి అడగండి: కొత్త మందు పడనివారికి ఏ వైద్యం ఇస్తారు? ఏ జట్టులో వేస్తారో ఎవరు తేలుస్తారు? ఇంతవరకు ఎంతమందికి ఇచ్చారు, ఏ హాని కనిపించింది? హాని జరిగితే ఖర్చు ఎవరిది? మధ్యలో మానుకోవచ్చా? నైతిక కమిటీ అనుమతి కాగితం చూపిస్తారా? సంతకం పెట్టే పత్రం మీకు చదవడం వచ్చిన భాషలో ఉండాలి, ఒక కాపీ మీ దగ్గర ఉండాలి. జవాబులు చెప్పడానికి విసుక్కుంటే పెట్టకండి.